ఎలుకల ఇంటికి వాసనే గోడ: విశాఖలో పెంపుడు ఎలుకలు, చిట్టెలుకల సంరక్షణ

ఓ ఆదివారం పొద్దున్న చిట్టెలుకల పంజరాన్ని బాల్కనీలోకి తెచ్చి, కింద పరిచిన పొట్టు అంతా పారబోసి, ఫినాయిలు వేసి తోమాను. ఎండలో ఆరబెట్టి, కొత్త పొట్టు పోసి, ముగ్గురు అన్నదమ్ములనూ తిరిగి లోపల వదిలాను. పుట్టినప్పటి నుంచి ఒకే గూట్లో ఒకదాని మీద ఒకటి పడుకున్న మగ చిట్టెలుకలు అవి. అరగంట తిరగకముందే వాటిలో చిన్నది వీపు మీద, తోక మొదట్లో గాట్లతో నీళ్ల సీసా వెనక నక్కి వణుకుతోంది. దాని మీదికి మిగతా రెండూ వంతులవారీగా వస్తున్నాయి.

ఆ పోట్లాటకు కారణం నేనే. మగ చిట్టెలుక తన హద్దులను మూత్రపు చుక్కలతో రాసుకుంటుంది. ఎవరిది పైచేయి, ఎవరు ఒదిగి ఉండాలి, ఎవరు ఈ గూటివారు అన్నదంతా ఆ రాతలోనే ఉంటుంది. నెలల తరబడి కుదిరిన ఆ లెక్కను ఒక్క పూటలో చెరిపేసి, దానిపైన ఫినాయిలు ఘాటు పూశాను. ఆ మూడింటికీ ఆ తర్వాత మూడు వేరు పంజరాలు కొనాల్సి వచ్చింది. విశాఖలో ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లలు ఎలుకలను అడుగుతున్నారు, పెద్దలు కొనిస్తున్నారు. ఆ పంజరాల్లో ఇంకో చిన్న తమ్ముడు అలా నక్కకూడదని ఇదంతా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఏ జాతి, ఎన్ని

పెంపుడు ఎలుక రాటస్ నార్వేజికస్ జాతిది. చిట్టెలుక మస్ మస్కులస్. చిట్టెలుక అంటే ఎలుక పిల్ల అనుకుని రెంటినీ ఒకే పంజరంలో పెట్టేవారున్నారు. ఎలుక చిట్టెలుకను వేటాడి చంపగలదు. దాని వాసన తగిలితేనే చిట్టెలుకకు భయం. ఒకే గదిలో కూడా పక్కపక్కన పెట్టవద్దు. ఇక మన వీధి కాలువల్లో తిరిగే పందికొక్కు వేరే ప్రజాతి. ఇంగ్లీషులోని ‘బ్యాండికూట్’ మాట మన ‘పందికొక్కు’ నుంచే వెళ్లింది. దాన్ని గానీ, ఇంట్లో దొరికిన అడవి ఎలుకను గానీ పట్టి పెంచే ప్రయత్నం చేయకండి. ఎలుక జ్వరం అని మనం పిలిచే లెప్టోస్పైరోసిస్ వాటి మూత్రం ద్వారా వస్తుంది.

ఎలుకలు గుంపుగా బతికే జీవులు. ఒంటరి ఎలుకకు మీరు రోజుకు రెండు గంటలు ఇచ్చినా మిగతా ఇరవై రెండు గంటలు అది ఒంటరిదే. రెండుకు తక్కువ వద్దు, మూడైతే ఇంకా మంచిది. అన్నీ ఆడవైనా, అన్నీ మగవైనా ఫరవాలేదు. మగ ఎలుకలు చాలావరకు కలిసిమెలిసి ఉంటాయి. చిట్టెలుకల లెక్క వేరు. ఆడవి గుంపుగా హాయిగా ఉంటాయి. మగవి ఒకే కాన్పువై, పాలు మానినప్పటి నుంచి విడిపోకుండా ఉంటేనే కలిసి ఉండే వీలుంది, అదీ ఖాయం కాదు. పెద్దవైన మగ చిట్టెలుకలను కొత్తగా కలపడం అంటే వాటిని కొట్టుకొమ్మని వదలడమే. మగ చిట్టెలుకను ఒంటరిగా, దండిగా గూడు సామగ్రితో పెంచడం తప్పు కాదు.

దుకాణంలో ఆడ, మగ కలిపి ఉంచిన తొట్టి నుంచి తెచ్చుకోకండి. ఎలుకకు గర్భం 21 నుంచి 23 రోజులు, చిట్టెలుకకు 19 నుంచి 21 రోజులు. ఈనిన ఒక రోజులోపే తల్లి మళ్లీ చూలు కట్టవచ్చు. అయిదారు వారాలకే పిల్లలు ఈడుకు వస్తాయి. కాబట్టి నాలుగో వారం దాటేలోపు ఆడ, మగ వేరు చేయాలి. తోక కింద రెండు రంధ్రాల మధ్య దూరం మగవాటిలో ఎక్కువ. రెండు పిల్లలను పక్కపక్కన పట్టుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నియమాల ప్రకారం దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు.

రెండో మెట్టు: వాటి రాత చదవడం

దీన్ని వదిలేసి పంజరం కొలతల దగ్గరికి పరుగెత్తకండి. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

చిట్టెలుక మూత్రంలో ప్రొటీన్ పుష్కలంగా ఉంటుంది. అదే మనిషి మూత్రంలో కనిపిస్తే వైద్యులు మూత్రపిండాలను అనుమానిస్తారు, చిట్టెలుకకు అది మామూలే. ఆ ప్రొటీన్లు గాలిలో ఎగిరిపోయే వాసన కణాలను తమలో పట్టి ఉంచి, కొద్దికొద్దిగా వదులుతాయి. అందుకే ఎండిపోయిన చుక్క కూడా చాలాసేపు మాట్లాడుతూనే ఉంటుంది. ఏ చిట్టెలుక ప్రొటీన్ల కలయిక దానిదే కాబట్టి అది సంతకంలా పనిచేస్తుంది. 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వీటిలో ఒకదానికి ‘డార్సిన్’ అని పేరు పెట్టారు. మగ చిట్టెలుక మూత్రంలోని డార్సిన్‌ను ఆడది ముక్కుతో తాకితే చాలు, ఆ మగదాని వాసనను గుర్తుపెట్టుకుని మళ్లీ దాన్నే వెతుక్కుంటుంది. ఇలాంటి సంకేతాలను అందుకోవడానికి ముక్కు లోపల అడుగున జాకబ్సన్ అవయవం అని ప్రత్యేకంగా ఉంటుంది.

ఈ సంకేతాలు ఒంటి లోపలి పనులను కూడా మార్చేస్తాయి. కొత్తగా చూలు కట్టిన ఆడ చిట్టెలుకకు పరాయి మగదాని వాసన తగిలితే ఆ చూలు నిలవకపోవచ్చని 1959లో హిల్డా బ్రూస్ చూపించారు. మగ పంజరం పక్కన ఆడ పంజరం పెట్టడం అంత చిన్న విషయం కాదని దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఈ రాతను మీరూ చూడవచ్చు. దుకాణాల్లో నోట్లు పరీక్షించే చిన్న అతినీలలోహిత టార్చి ఒకటి తెచ్చుకోండి. పంజరంలోని ప్లాస్టిక్ అరను బయటికి తీసి, గది దీపాలు ఆర్పి, దాని మీద వెలుగు వేయండి. జంతువుల కళ్లలో మాత్రం ఎప్పుడూ వేయవద్దు. తెల్ల కాగితం మీద చూడాలనుకుంటే కాగితమే మెరిసి అంతా కప్పేస్తుంది, అర మీదే చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు అర పొడవునా ఆవగింజంత చుక్కలు, వాటి మధ్య సన్నటి గీతలు, ఒక మూల మాత్రం పెద్ద మడుగు కనిపించాయి. చుక్కలు పెత్తందారువి. మడుగు ఒదిగి ఉండేదానిది. గెలిచిన మగ చిట్టెలుక ఊరంతా చుక్కలు పెడుతుందని, ఓడినది ఒక మూలకు పరిమితమవుతుందని 1973లోనే ఇదే వెలుగుతో చూశారు. మీ చేతి మీద నడుస్తూ ఎలుక నాలుగు చుక్కలు వదిలితే విసుక్కోకండి. మిమ్మల్ని తన దారుల్లో కలుపుకుంటోంది.

ఎలుకల్లో నాకు మరీ నచ్చే వాసన వేరే ఉంది, అది ఊపిరిది. ఎలుక వాంతి చేసుకోలేదు. అందుకే కొత్త తిండి కనిపిస్తే జంకుతుంది, కాస్త కొరికి ఆగుతుంది. అయితే తోటి ఎలుక అప్పటికే దాన్ని తిని వస్తే దాని మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తుంది. ఊపిరిలో సహజంగా ఉండే కార్బన్ డైసల్ఫైడ్‌తో పాటు ఆ తిండి వాసన కలిసి అందితే, ‘ఇది తినదగినదే’ అని నేర్చుకుంటుంది. బెన్నెట్ గేలెఫ్ అనే శాస్త్రవేత్త దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, రాగి సంకటి గానీ ఉడికించిన గుమ్మడి గానీ కొత్తగా పెట్టాలంటే గుంపులో ధైర్యమైనదానికి విడిగా తినిపించండి. పది నిమిషాల తర్వాత గుంపులో వదలండి. మూతులు మూతులు తాకాక అదే ముద్ద అందరికీ పెట్టండి. మా ఇంట్లో వారం రోజులు ముట్టని రాగిముద్ద ఇలా ఒక్క సాయంత్రంలో ఖాళీ అయింది.

మూడో మెట్టు: పంజరం, పొట్టు, ఇంటి వాసనలు

రెండు ఎలుకలకు కనీసం మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఎక్కడానికి అంతస్తులు ఉండాలి. ఊచల మధ్య ఎలుకలకు 1.2 సెంటీమీటర్లు, చిట్టెలుకలకు 7 మిల్లీమీటర్లు మించకూడదు. గాజు తొట్టిలో గాలి ఆడదు, అమ్మోనియా అడుగునే నిలుస్తుంది. వద్దు. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుప పంజరం ఒక్క వానకాలంలో తుప్పు పడుతుంది. బీచ్ రోడ్డుకు దగ్గర ఇళ్లలో అయితే మరీ త్వరగా. తుప్పు మూత్రాన్ని పీల్చుకుంటుంది, ఎంత కడిగినా కంపు వదలదు. పూత గట్టిగా ఉన్నది లేదా స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకోండి.

కింద పరచడానికి దేవదారు, పైన్ చెక్కపొట్టు వాడకండి. ఆ చెక్కల సువాసనకు కారణమైన పదార్థాలు ఊపిరితిత్తులకు, కాలేయానికి మంచివి కావు. మిల్లు నుంచి తెచ్చిన ఊకలో దుమ్ము, పురుగు రెండూ ఉంటాయి. మన ప్రయోగశాలల్లో దాన్ని వాడేముందు జల్లించి, ఆవిరితో శుద్ధి చేస్తారు. ఇంట్లో అది కుదరని పని. రంగుల అచ్చు లేని కాగితాన్ని సన్నగా చించి మందంగా పరచడం అన్నిటికన్నా సులువు. గూటికి విడిగా మెత్తటి కాగితపు పీలికలు ఇవ్వండి. దూది వద్దు, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి.

మా అమ్మ ప్రతి శుక్రవారం సాయంత్రం సాంబ్రాణి వేస్తుంది. ‘దేవుడి ధూపం కదా, వాటికి మాత్రం మంచిది కాదా’ అని అడిగేది. ఆ పొగ నిండిన గదిలో ఎలుకలు తుమ్మడం, ఒకదాన్నొకటి గుర్తుపట్టనట్టు పదేపదే వాసన చూసుకోవడం తనే గమనించాక, ఇప్పుడు ధూపం వేసేముందు వాటి గది తలుపు తనే మూస్తుంది. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, గది సుగంధాల స్ప్రే, కర్పూరం, అన్నీ ఆ గది బయటే ఉండాలి. నాఫ్తలిన్ ఉండలు ఆ గది బీరువాలో కూడా వద్దు, అది విషం.

నాలుగో మెట్టు: కడిగే పద్ధతి

మనకు తెలియని వాసన వాటి ఇల్లు. మనకు తెలిసే ఘాటు వాటి జబ్బు. ఈ రెంటి మధ్యే కడగడం సాగాలి. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. ఉక్క, తేమ ఉంటే ఆ పని మరింత జోరుగా సాగుతుంది. విశాఖలో ఎండాకాలం నుంచి ఈశాన్య రుతుపవనాలు తగ్గేదాకా అదే వాతావరణం. ఎలుకల్లో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి తెచ్చే ఊపిరితిత్తుల జబ్బు చాలా సాధారణం, అమ్మోనియా దాన్ని ముదరబెడుతుంది. కాబట్టి కడగకుండా వదిలేయమని నేను చెప్పడం లేదు. వంతులవారీగా కడగండి.

రోజూ పొద్దున్న మూత్రపు మూలలో తడిసిన పొట్టు మాత్రం తీసి, అక్కడ కొత్తది వేయండి. రెండు మూడు రోజులకు ఒకసారి ఒక అర లేదా ఒక ఊయల గుడ్డ ఉతకండి, అన్నీ ఒకేసారి వద్దు. వారానికి ఒకసారి అడుగు పళ్లెం కడగండి, అయితే ఆ రోజు గూటిని ముట్టుకోకండి. గూడు కడిగే రోజున అడుగు పళ్లెం కదిలించకండి.

మగ చిట్టెలుకల విషయంలో ఒక మెలిక ఉంది. 2000లో నెదర్లాండ్స్ పరిశోధకులు గమనించింది ఇదే: పొట్టు మార్చేటప్పుడు పాత గూటి పీలికలను కొత్త పంజరంలోకి తీసుకెళ్తే కొట్లాట తగ్గింది. మూత్రంతో తడిసిన పాత పొట్టును తీసుకెళ్తే తగ్గలేదు సరికదా, పెరిగినట్టే కనిపించింది. ‘కాస్త పాత పొట్టు కలపండి’ అని అందరూ ఇచ్చే సలహా మగ చిట్టెలుకలకు పనికిరాదు. గూడు తీసుకెళ్లండి, మూత్రపు మూలను వదిలేయండి. ఆ ఆదివారం నాకు తెలియాల్సిన మాట ఇదొక్కటే.

వేడినీళ్లు, వాసన లేని సబ్బు చాలు. ఎండిన మూత్రపు చార మీద తెల్ల వెనిగర్ పోసి పది నిమిషాలు ఆగితే ఊడుతుంది. బ్లీచింగ్ వాడకండి, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది.

అయిదో మెట్టు: కొత్తవాటిని కలపడం

ఇది ఎలుకలకు, ఆడ చిట్టెలుకలకు మాత్రమే.

కొత్తవాటిని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. తుమ్ములు, పేలు ఉంటే ఆలోగా బయటపడతాయి. తర్వాత రోజుకోసారి ఇటు గుడ్డ అటు, అటు గుడ్డ ఇటు మార్చండి. మొదటి రోజు ఆ గుడ్డ మీద మూత్రం పోసి, ఈడ్చి, ఒక మూల కుక్కుతాయి. కొన్ని రోజులకు అదే గుడ్డ మీద పడుకుంటాయి. అప్పుడే ముఖాముఖి.

ఎవరి హద్దూ కాని చోటు కావాలి. మా ఇంట్లో అది కడిగి ఆరబెట్టిన స్నానాల గది నేల. దాక్కునే పెట్టెలు రెండేసి దారులు ఉన్నవి పెట్టండి, ఒకే దారి ఉంటే లోపల చిక్కుకున్నది తప్పించుకోలేదు. వెంటబడటం, ఒకటి మరోదాన్ని వెల్లకిలా పడేసి పొట్ట వాసన చూడటం, కింద పడ్డది కీచుమనడం, వెనక కాళ్ల మీద లేచి చేతులతో తోసుకోవడం, ఇవన్నీ మాటామంతీ కిందే లెక్క. మధ్యలో దూరకండి. ఒళ్లంతా రోమాలు నిక్కబొడిచి, వీపు వంచి, పక్కవాటుగా జరుగుతూ వస్తే మాత్రం మందపాటి తువ్వాలు సిద్ధంగా ఉంచుకోండి. రెండూ ఉండలా చుట్టుకుంటే తువ్వాలు వేసి విడదీయండి. ఉత్త చేయి పెట్టకండి. రక్తం కారితే ఆ రోజుకు అంతే, మళ్లీ గుడ్డల దగ్గర మొదలు.

అన్నీ ఒకచోట చేరి నిద్రపోయాయంటే కలిసిపోయినట్టే. అప్పుడు, పాతవాటి పంజరాన్ని పూర్తిగా కడిగి, అరల అమరిక మార్చి, అందరినీ ఒకేసారి లోపలికి పంపండి. అంతా కడగాల్సిన సందర్భం ఆరోగ్యంగా ఉన్న గుంపుకు ఇదొక్కటే. ఆ ఇంట్లో అప్పుడు ఎవరి రాతా ఉండకూడదు.

ఆరో మెట్టు: మీ చేయి, మీ వాసన

తోక పట్టి ఎత్తకండి. తోకతో ఎత్తిన చిట్టెలుకల్లో బెదురు పెరుగుతుందని, గొట్టంలోకి నడిపించి లేదా దోసిట్లోకి తీసుకుని ఎత్తితే మచ్చిక అవుతాయని 2010లో లివర్‌పూల్‌లోనే తేల్చారు. అట్ట గొట్టం ఒకటి పంజరంలోనే ఉంచితే అది వాటి వాసనతోనే ఉంటుంది, ఖర్చూ లేదు.

మగవారు దగ్గరుంటే, చివరికి మగవారు వేసుకున్న చొక్కా ఉన్నా, ఎలుకల్లో, చిట్టెలుకల్లో ఒత్తిడి పెరుగుతుందని 2014లో కెనడా పరిశోధకులు ప్రచురించారు. కాసేపటికి అది తగ్గుతుంది కూడా. ఇంట్లో నాన్నకో అన్నయ్యకో ఎలుక దగ్గరికి రావడం లేదంటే దానికి వారి మీద కోపం కాదు. ఆయన రెండు రోజులు కట్టుకున్న లుంగీ ముక్కను గూటి పక్కన వారం పాటు ఉంచండి. అత్తరు, సెంటు పూసుకున్న చేతితో మాత్రం వెళ్లవద్దు.

ఎలుక సంతోషంగా ఉన్నప్పుడు 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలాడుతుంది, భయంలో 22 దగ్గర. మన చెవి 20 దాటి వినలేదు. యాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త ఎలుకలకు చక్కిలిగింతలు పెట్టి ఈ కిచకిచలను రికార్డు చేశారు. మెడ వెనక వేళ్లతో తేలికగా చక్కిలిగింతలు పెట్టి చేయి వెనక్కి తీసుకోండి. చేయి వెంటపడి వస్తే ఇంకా కావాలని. వాటి చెవికి అందే శబ్దాలు మనకు అందవు కాబట్టి, ఎలుకలను తరిమే అల్ట్రాసోనిక్ పరికరం ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయండి.

ఏడో మెట్టు: వేసవి, తుపాను, దీపావళి

ఎలుకకు చెమట పట్టదు, ఒంటి వేడిని ఎక్కువగా తోక నుంచే వదులుతుంది. 30 డిగ్రీలు దాటితే, అందులోనూ మన ఉక్కలో, దానికి గండమే. తేమ గాలిలో నీటి కూలర్లు ఉపశమనం ఇవ్వవు సరికదా, తేమను పెంచుతాయి. ఫ్రిజ్‌లో ఉంచిన గచ్చు పలక, గుడ్డ చుట్టిన మంచు సీసా, కీరా ముక్కలు, ఇంట్లోకెల్లా చల్లటి గది, ఇవి నమ్మదగినవి. బోర్లా పడి, చొంగ కారుస్తూ కదలకపోతే మంచు నీళ్లు పోయకండి. మామూలు నీళ్లలో తడిపిన గుడ్డ తోకకు, పాదాలకు చుట్టి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు వచ్చేసరికి ఒక చిన్న ప్రయాణ పంజరం, అయిదు రోజుల తిండి, నీళ్లు, పాత గూటి గుడ్డ సిద్ధంగా ఉంచుకుంటాను. ఆ గుడ్డ ఉంటే ఏ గదికి మార్చినా సగం బెదురు తగ్గుతుంది. దీపావళికి కిటికీలు లేని లోపలి గది.

తిండి గురించి రెండు మాటలు. ఎలుకల పెల్లెట్లు ప్రధానం, పైన రాగులు, జొన్నలు, ఉడికించిన గుడ్డు, ఆకుకూర కొద్దిగా. నారింజ, నిమ్మ తొక్కలు మగ ఎలుకలకు వద్దు. వాటిలోని లిమోనిన్ మగ ఎలుకకు మాత్రమే ఎక్కువగా ఉండే ఒక మూత్ర ప్రొటీన్‌కు అతుక్కుని మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ ప్రొటీన్ కూడా సంతకం రాసే కుటుంబానిదే.

ఎనిమిదో మెట్టు: బాధను గుర్తించడం

కంటి చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా కనిపిస్తే హడలిపోకండి, తేలిగ్గానూ తీసుకోకండి. అది రక్తం కాదు, కంటి వెనక హార్డేరియన్ గ్రంథి నుంచి వచ్చే పార్ఫిరిన్. ఒత్తిడిలో, జబ్బులో ఎక్కువ వస్తుంది. నిద్ర లేచాక కాస్త కనిపించి అది తుడుచుకుంటే సరే. తుడుచుకోవడమే మానేస్తే జబ్బు. ఊపిరి తీసుకుంటుంటే పక్కలు లోపలికి పోవడం, చిటపట చప్పుడు, చెదిరిన బొచ్చు, గుంపుకు దూరంగా కూర్చోవడం, ఇందులో ఏది కనిపించినా అదే రోజు వైద్యుడికి చూపించండి. చిన్న జంతువులను చూసే వైద్యుడెవరో కొనకముందే కనుక్కుని నంబరు రాసుకోండి. వైద్యుడి దగ్గరికి ఒక్కదాన్నే తీసుకెళ్లకుండా దాని జోడీని కూడా తీసుకెళ్లండి. వేరే వాసనతో ఒంటరిగా తిరిగొస్తే గుంపు దాన్ని పరాయిదానిలా చూడవచ్చు.

ఎలుక రెండు మూడేళ్లే బతుకుతుంది, చిట్టెలుక ఇంకాస్త తక్కువ. గుంపులో ఒకటి పోతే మిగిలినవి దాన్ని వాసన చూడటానికి కొన్ని నిమిషాలు ఇవ్వండి. అంటుజబ్బు అని వైద్యుడు చెబితే తప్ప, అది పడుకున్న గూటిని ఆ వారం కడగకండి.